గంధకపు పొగ తగిలిన చలి నేలలు

బిర్యానీ మసాలాలో వేసే రాతి పువ్వును ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. పైన బూడిద రంగు, అడుగున నలుపు, ముడతలు పడ్డ అంచులు. ఎండిన కాగితం ముక్కంత తేలిక. పేరులో పువ్వు ఉన్నా అది పువ్వు కాదు, ఆకూ కాదు, అసలు మొక్కే కాదు. ఒక శిలీంధ్రం, దాని పొరల మధ్య కాపురముండే నాచు కణాలు కలిసి ఒకే ఒళ్లుగా బతికే జీవి. శాస్త్రజ్ఞులు దాన్ని లైకెన్ అంటారు. దానికి వేర్లు లేవు. నీరూ లవణాలూ అన్నీ వాన నుంచి, పొగమంచు నుంచి, గాలి నుంచే పీల్చుకోవాలి. ఆకుల మీద ఉండే మైనపు పొర దానికి లేదు, కావాలన్నప్పుడు మూసుకునే పత్రరంధ్రాలూ లేవు. గాలిలో ఏముంటే అది నేరుగా ఒంట్లోకి పోతుంది.

అందుకే గాలి చెడితే ముందుగా చచ్చేది ఇదే. ఫిన్లాండ్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త విలియం నైలాండర్ 1866లోనే ఈ సంగతి కనిపెట్టాడు. పారిస్‌లో గాలి బాగున్న తోటల్లో బతుకుతున్న లైకెన్‌లు, పొగ నిండిన వీధుల చెట్ల మీద కనిపించడం లేదని ఆయన గమనించాడు.

మన వంటింట్లో ఇది చిటికెడు సువాసన. నార్వే, ఫిన్లాండ్, రష్యా, కెనడా దేశాల ఉత్తరపు అంచుల్లో దీని బంధువులు నేలంతా తెల్లని పరుపులా పరుచుకుని ఉంటాయి. చలికాలంలో రెయిన్‌డీర్లు గిట్టలతో మంచు తవ్వి తినేది ఆ పరుపునే. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి, ఒకసారి పోయిందంటే మళ్లీ పరుచుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

నికెల్, రాగి కరిగించే కర్మాగారాల చుట్టూ ఆ పరుపు పోయింది. దానితోపాటు అడవి పోయింది, కొన్నిచోట్ల మట్టి కూడా పోయింది. దూరం నుంచి వినేవాళ్లకు కథ సులువుగానే తోస్తుంది: పొగలో విషముంది, చెట్లు చచ్చాయి, పొగ ఆపితే మళ్లీ మొలుస్తాయి. ఇందులో మొదటి మాట సగం నిజం. చివరి మాట చలి దేశాల్లో నిజం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే పొగ కన్నా ముందు రాయి దగ్గరికి వెళ్లాలి.

రాయిలోనే ఉన్న గంధకం

మంచి రకం స్టీలు గిన్నెలో నూటికి ఎనిమిది పాళ్ల దాకా నికెల్ ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ప్రపంచానికి కావలసిన నికెల్‌లో సింహభాగం కెనడాలోని సడ్బరీ అనే ఒక్క ప్రాంతం నుంచే వచ్చేది. సుమారు 185 కోట్ల ఏళ్ల కిందట అక్కడొక ఉల్క పడింది. ఆ తాకిడికి కరిగిన రాతిలో నికెల్, రాగి ఒకచోట పేరుకున్నాయి. 1883లో రైలు మార్గం వేస్తూ కొండను పేలుస్తుంటే ఆ ఖనిజం బయటపడింది.

చిక్కేమిటంటే, ఆ రాతిలో నికెల్, రాగి ఒంటరిగా లేవు. ఇనుముతో, గంధకంతో పెనవేసుకుని ఉన్నాయి. లోహం కావాలంటే గంధకాన్ని కాల్చి వదిలించుకోవాలి. కాలిన గంధకం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఒక టన్ను గంధకం కాలితే రెండు టన్నుల వాయువు వస్తుంది. ఖనిజంలో నికెల్ కన్నా గంధకమే చాలా ఎక్కువ. అంటే గంధకాన్ని పట్టి ఉంచని కర్మాగారం నుంచి టన్ను లోహానికి అంతకు కొన్ని రెట్ల వాయువు గాలిలో కలుస్తుంది. నడిపేవాళ్ల అజాగ్రత్త వల్ల వచ్చే చిక్కు కాదిది, ఖనిజం స్వభావమే అది.

సడ్బరీలో 1888 నుంచి 1929 దాకా ఈ పని ఆరుబయటే జరిగింది. మన పల్లెల్లో ఇటుక ఆవం పేర్చడం చూసినవాళ్లకు ఆ దృశ్యం ఊహకు అందుతుంది. ముందు కట్టెలు వరుసగా పరిచేవారు. వాటి మీద ఖనిజం కుప్ప పోసి నిప్పు పెట్టేవారు. కట్టెలు కాస్తా అయిపోయినా గంధకం తనంతట తానే మండుతూ, కుప్ప నెలల తరబడి రాజుకుంటూ ఉండేది. పొగకు గొట్టం లేదు. బరువైన ఆ వాయువు నేల మీదే పాకేది. కట్టెలు ఎక్కడివి? చుట్టుపక్కల అడవివే. సగం అడవి నిప్పుకు ఆహుతైతే, మిగిలింది ఆ నిప్పు నుంచి వచ్చిన పొగకు ఆహుతైంది.

పొగ తగిలిన ఆకుల్లో జరిగేది ఇది. వాయువు పత్రరంధ్రాల్లోంచి లోపలికి వెళ్లి అక్కడి తడిలో కరిగి, ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితాన్ని పాడు చేస్తుంది. ఏటా ఆకు రాల్చే చెట్టుకు కొంత ఊరట ఉంటుంది, వచ్చే వసంతంలో కొత్త ఆకుతో మొదలుపెట్టవచ్చు. స్ప్రూస్ వంటి సూదాకుల చెట్టుకు ఆ వీలు లేదు. ఒక్కో సూది ఏళ్ల తరబడి కొమ్మనే ఉంటుంది, ప్రతి ఏడాది విషాన్నీ కూడబెట్టుకుంటుంది. కొమ్మలు కొన నుంచి ఎర్రబడి, ఎండి, చెట్టు నిలువునా మోడవుతుంది.

వేర్లు చచ్చిన కొండవాలు మీద మట్టి ఎన్నాళ్లో ఆగదు. సడ్బరీ గుట్టల మీది మట్టి వానలకు కొట్టుకుపోయి అడుగున ఉన్న రాతిబండలు తేలాయి. ఆ రాళ్లు కూడా పొగకు నల్లబడ్డాయి. సుమారు 20 వేల హెక్టార్లు పూర్తి బంజరుగా, దాని చుట్టూ మరో 80 వేల హెక్టార్లు అరకొర మొక్కలతో మిగిలాయి. 1971, 72ల్లో అపోలో వ్యోమగాములు సడ్బరీకి వచ్చినప్పుడు, ఆ నేల చంద్రుడిలా ఉంది కాబట్టే వచ్చారని ఒక మాట పుట్టింది. ఇప్పటికీ పోలేదు. వాళ్లు వచ్చింది ఉల్క తాకిడికి ఏర్పడిన రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి. అయినా ఆ మాటను జనం అంత తేలిగ్గా నమ్మారంటే నేల ఎలా ఉండి ఉంటుందో తెలుస్తుంది.

చలి చేసే అన్యాయం

ఇదే పొగ వెచ్చని దేశంలో వచ్చినా నష్టం నష్టమే. కానీ ఉత్తరాన ఆ నష్టాన్ని రెట్టింపు చేసే కారణాలు నాలుగైదు ఒకేచోట కూడి ఉన్నాయి. నా దృష్టిలో ఈ విషయమంతటికీ కీలకం ఇక్కడే ఉంది.

మొదటిది మట్టి. మంచుయుగంలో హిమానీనదాలు కెనడా, స్కాండినేవియా రాతినేలను గీకి పారేశాయి. ఆ తరువాత పదివేల ఏళ్లలో ఏర్పడిన మట్టి చాలాచోట్ల జానెడు, మూరెడు. అడుగున ఉన్నది గ్రానైటు. సున్నపురాయి ఉన్న నేల ఆమ్లాన్ని విరిచేస్తుంది. గ్రానైటు నేలకు ఆ శక్తి లేదు. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలోని తేమతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమై వానతో దిగినప్పుడు, మట్టిలో ఉన్న కొద్దిపాటి కాల్షియం, మెగ్నీషియం దానితో కొట్టుకుపోతాయి. అవి అయిపోయాక ఖనిజాల్లో బిగిసి ఉన్న అల్యూమినియం కరిగి బయటికి వస్తుంది. వేర్లకు అది విషం.

రెండోది మంచు. ఐదారు నెలలపాటు పడిన మంచులో ఆమ్లం పేరుకుంటూ ఉంటుంది. వసంతంలో మంచు కరిగేటప్పుడు మలినాలు సమంగా బయటికి రావు. ముందు కరిగిన నీళ్లతోనే ఆమ్లంలో ఎక్కువ భాగం జారిపోతుంది. చలికాలమంతా దాచిన ఆమ్లం కొన్ని రోజుల్లోనే వాగుల్లోకి, సరస్సుల అంచులకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే అక్కడ చేప గుడ్లు పిల్లలవుతుంటాయి. నీటిలో కలిసిన అల్యూమినియం చేప మొప్పల మీద పేరుకుంటుంది, మొప్పలు జిగురు కక్కుతాయి, చేపకు ఊపిరి అందదు. పెద్ద చేపలు ఇంకా ఈదుతూనే ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు సరస్సు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కొన్నేళ్లకు ఆ ముసలి చేపలూ పోతాయి, వాటి వెనక పిల్లలుండవు. సడ్బరీ పొగ వల్ల ఆమ్లం పాలైన సరస్సులు సుమారు ఏడు వేలు. అరోరా ట్రౌట్ అనే చేప ప్రపంచం మొత్తంలో రెండే సరస్సుల్లో ఉండేది, రెండూ సడ్బరీకి ఉత్తరాన వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనివి. 1960లలో రెండింటిలోనూ అది అంతరించింది. అంతకు ముందే కొన్ని చేపలను పట్టి పెంపక కేంద్రంలో ఉంచారు కాబట్టి ఆ జాతి మిగిలింది. సరస్సులో సున్నపురాయి పొడి కలిపాక 1990లో వాటి సంతతిని తిరిగి వదిలారు.

మూడోది చలికాలపు గాలి. విశాఖ వంటి కొండల నడిమి ఊళ్లలో ఉన్నవాళ్లు చూసే ఉంటారు, శీతాకాలం ఉదయాల్లో పొగ పైకి పోక నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. చల్లని గాలి కింద, వెచ్చని గాలి పైన ఉండి మూత పడ్డట్టవుతుంది. ఎండ ఎక్కగానే మనకు ఆ మూత తొలగుతుంది. ధ్రువానికి చేరువలో వారాల తరబడి సూర్యుడే రాడు. వెలుగు లేనప్పుడు ఆ వాయువు ఆమ్లంగా మారడం కూడా మందగించి, అలాగే మరింత దూరం ప్రయాణిస్తుంది.

ఇక లోహాలు. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నమాట వీటికే తగును. పొగతోపాటు నికెల్, రాగి రజను బయటికి వచ్చి, బరువు వల్ల కర్మాగారం చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్ల లోపే ఎక్కువగా రాలుతుంది. రాలినది నేల పైపొరలోని కుళ్లిన ఆకుల మట్టికి గట్టిగా అతుక్కుంటుంది. అడవి బతుకంతా ఆ పైపొరలోనే ఉంది. రాలిన ఆకును కుళ్లబెట్టి మళ్లీ వేరుకు అందించే శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు అక్కడే ఉంటాయి. చలికి ఆ పని ముందే నెమ్మది. లోహం తగిలితే దాదాపు ఆగిపోతుంది. అప్పుడు రాలిన ఆకు రాలినట్టే ఉంటుంది, చెట్టుకు తిండి అందదు. నైరుతి ఫిన్లాండ్‌లోని హర్యావల్తా రాగి కర్మాగారం దగ్గర పరిశోధకులు ఒక చిన్న పిట్టను ఏళ్ల తరబడి గమనించారు. పొగ తగిలే చోట మట్టిలో కాల్షియం తగ్గడంతో నత్తలు తగ్గాయి. గుడ్డు పెంకు గట్టిపడటానికి ఆ పిట్టకు నత్త గుల్లలే ఆధారం. అవి దొరక్క పెంకు పలచబడి, గుడ్లు పొదిగే లోపే పాడయ్యాయి. పిట్ట పొగ పీల్చి చావలేదు. పొగ ఆమ్లమై, ఆమ్లం మట్టిలో కాల్షియాన్ని లాగి, నత్తను తగ్గించి, చివరికి గుడ్డు దాకా వచ్చింది.

పొడవాటి గొట్టం

ఊళ్లో జనం దగ్గుతుంటే, పంటలు మాడుతుంటే కర్మాగారాలకు తోచిన మొదటి ఉపాయం గొట్టం ఎత్తు పెంచడం. 1972లో సడ్బరీలో ‘ఇన్‌కో’ (Inco) అనే నికెల్ కంపెనీ కట్టిన సూపర్‌స్టాక్ అనే గొట్టం ఎత్తు 381 మీటర్లు. చాలా ఏళ్లపాటు ప్రపంచంలో అంత ఎత్తైన పొగగొట్టం లేదు. ఊళ్లో గాలి నిజంగానే బాగుపడింది, ఆ మేలును కాదనను. కానీ 1960లలో ఏటా దాదాపు 25 లక్షల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వదిలిన ప్రాంతం అది. గొట్టం ఎత్తు పెంచితే గంధకం మాయం కాదు కదా. మన వాకిట్లో చెత్త పక్కింటి గుమ్మంలోకి ఊడ్చినట్టు, ఊరికి దగ్గరగా పడాల్సిన ఆమ్లం వందల కిలోమీటర్ల అవతల, కర్మాగారం పేరే వినని చోట పడింది.

రష్యా ఉత్తరపు అంచున ఉన్న కోలా ద్వీపకల్పంలో ఆ అవతలి చోటు వేరే దేశమే అయింది. ఇప్పటి రష్యా వాయవ్యపు అంచున నార్వే సరిహద్దుకు ఆనుకుని నికెల్ అనే పట్టణం ఉంది. 1930లలో అది ఫిన్లాండ్‌లో భాగం. అక్కడ గని పనులు మొదలుపెట్టింది సడ్బరీలోని ఆ ‘ఇన్‌కో’ కంపెనీ అనుబంధ సంస్థే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ ప్రాంతం సోవియట్ చేతికి వచ్చింది. అక్కడి పొగ నార్వే పల్లెల మీదికి వచ్చి ఆకులు మాడిస్తుంటే, 1990 ప్రాంతంలో సరిహద్దు జనం ‘మృత్యు మేఘాలను ఆపండి’ అని ఉద్యమించారు. ఆ కొలిమి చివరికి 2020 డిసెంబరులో మూతపడింది. అదే ద్వీపకల్పంలో మాంచెగోర్స్క్ ఉంది. పేరుకు మూలం, అక్కడి ఆదివాసులైన సామీల భాషలో అందమైనది అనే అర్థమున్న మాట. అక్కడ కర్మాగారం చుట్టూ కిలోమీటర్ల మేర మోడులు, నల్లని మట్టి, రాళ్లు. చెట్లు లేక గాలి నేరుగా కొట్టడంతో మంచు నేల మీద నిలవదు. మంచు దుప్పటి లేని నేల లోతుగా గడ్డకట్టి, మిగిలిన వేర్లను చంపుతుంది. అడవి పోవడమే అడవి తిరిగి రాకపోవడానికి కారణమవుతుంది.

అన్నింటికన్నా పెద్దది సైబీరియాలోని నోరిల్స్క్. 69వ అక్షాంశం మీద, 1935 నుంచి నిర్బంధ శిబిరపు ఖైదీల చేత కట్టించిన నగరం. 2010ల దశకంలో అక్కడి నుంచి ఏటా 18 లక్షల టన్నులకు అటూ ఇటూగా సల్ఫర్ డయాక్సైడ్ వెలువడింది. ఆ చుట్టూ నేల అడుగు ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది, వేర్లకు దక్కేది వేసవిలో కరిగే పైపొర మాత్రమే. అక్కడి చెట్ల వలయాలను కొలిచి 2020లో ప్రచురించిన ఒక పరిశోధన, 1960ల నుంచి సుమారు 24 వేల చదరపు కిలోమీటర్ల అడవి చచ్చిపోయిందని తేల్చింది. తెలుగు నేల మీద పాత ఉమ్మడి జిల్లాలు రెండు కలిపినా అంత వైశాల్యానికి మించి ఉండవు చాలాచోట్ల.

గంధకాన్ని పట్టుకునే విద్య లేక ఇదంతా జరిగిందా? కాదు. హర్యావల్తాలోనే 1949లో ఫ్లాష్ స్మెల్టింగ్ అనే పద్ధతి మొదలైంది. మెత్తని ఖనిజపు పొడిని ఆక్సిజన్ కలిపిన వేడి గాలితో కొలిమిలోకి చిమ్మితే, గంధకమే ఇంధనమై మండుతుంది. పొగలో సల్ఫర్ డయాక్సైడ్ చిక్కగా వస్తుంది. చిక్కగా వస్తే దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చడం సులభం. ఆ ఆమ్లం అమ్ముడుపోయే సరుకు, మన పొలాల్లో వేసే ఫాస్ఫేటు ఎరువుల తయారీకి కావలసింది అదే. కొనేవాళ్లు దగ్గరున్న చోట గంధకాన్ని పట్టడం కర్మాగారానికీ లాభం. నోరిల్స్క్‌కు మిగతా రష్యాతో రైలు సంబంధమే లేదు. లక్షల టన్నుల ఆమ్లాన్ని అక్కడి నుంచి ఎవరికి, ఎలా అమ్మాలి? చివరికి 2023లో మొదలైన పథకంలో ఆమ్లాన్ని సున్నపురాయితో విరిచి జిప్సంగా మార్చి అక్కడే నిల్వ చేస్తున్నారు. పైసా రాబడి లేని పని. రాబడి లేదు కాబట్టే అన్ని దశాబ్దాలు ఆలస్యమైందని నేను నమ్ముతాను. ఆ ఆలస్యపు ఖరీదు కంపెనీ ఖాతాలో ఎక్కడా రాయలేదు, అక్కడి అడవుల్లోని లార్చ్ చెట్లూ రెయిన్‌డీర్ల కాపరులూ చెల్లించారు.

మానడం

సడ్బరీలో ఇప్పుడు వెలువడే వాయువు 1960ల నాటిదానిలో నూటికి ఐదు పాళ్లు కూడా లేదు. సూపర్‌స్టాక్‌ను 2020లో వాడకం నుంచి తప్పించారు. గాలి బాగుపడగానే చెట్ల బెరడు మీద లైకెన్‌లు తిరిగి కనిపించాయి. వాటికి గాలితోనే పని కాబట్టి అవి త్వరగా వచ్చాయి. మట్టితో పని ఉన్నవి రాలేదు.

1978లో నగరం నల్లని గుట్టల మీద పని మొదలుపెట్టింది. ఉద్యోగాలు పోయిన కార్మికులు, వేసవి సెలవుల్లో ఉన్న విద్యార్థులు సున్నపురాయి పొడి బస్తాలను మోసుకుంటూ వాలు ఎక్కి, హెక్టారుకు పది టన్నుల లెక్కన చేతులతో చల్లారు. ఆ పొడి ఆమ్లాన్ని విరిచి, లోహాలు వేర్లకు అందకుండా చేసింది. తరువాత గడ్డి గింజలు, పప్పుజాతి మొక్కల గింజలు చల్లారు. విచిత్రంగా, ఎవరూ నాటని బర్చ్, పాప్లార్ మొక్కలు ఆ గడ్డి మధ్య తమంతట తామే లేచాయి. గింజలు ఏటా గాలికి కొట్టుకొచ్చి పడుతూనే ఉన్నాయి, మొలకెత్తిన వేరును నేల చంపేస్తోంది. సున్నం ఒక్కటే ఆ అడ్డు తీసింది. ఈ పనికి దారి చూపిన వృక్షశాస్త్రవేత్త కీత్ వింటర్‌హాల్డర్ ముఖ్యంగా గ్రహించింది ఇదే. ఆ తరువాత నాటిన చెట్ల లెక్క ఇప్పటికి కోటి దాటింది.

సరస్సుల సంగతి ఇంకా నడుస్తూనే ఉంది. వానలో ఆమ్లం తగ్గింది, ట్రౌట్ చాలాచోట్ల తిరిగి వచ్చింది. కానీ దశాబ్దాలపాటు మట్టి నుంచి కొట్టుకుపోయిన కాల్షియం అంత తొందరగా తిరిగి రాదు, రాయి అరిగి రావాలి. సడ్బరీ ఉన్న ఒంటారియో రాష్ట్రంలోని చాలా సరస్సుల్లో డాఫ్నియా అనే అతి చిన్న నీటి జీవికి తన కవచం కట్టుకోవడానికి చాలినంత కాల్షియం లేదు. దాని స్థానంలో హోలోపీడియం అనే మరో జీవి పెరుగుతోంది. ఆవగింజంత దాని ఒంటి చుట్టూ జిగట జెల్లీ ఉంటుంది. చిన్న చిన్న వేటజీవులు దాన్ని తినలేవు. నీళ్లు తోడే చోట జల్లెడలకు ఆ జెల్లీ అడ్డం పడుతుంది. వాన బాగుపడ్డాక కూడా సరస్సు పాత సరస్సు కాలేదు.

అడవీ అంతే. చెట్లు లేచాయి గానీ వాటి కింద అడవి నేల లేదు. నాచు, చిన్న పొదలు, పుట్టగొడుగులు, ఆకు కుళ్లబెట్టే జీవులు లేని నేల మీద చెట్లు తోటలో నాటినట్టు నిలబడి ఉన్నాయి. అందుకని 2010 నుంచి మరో పని చేస్తున్నారు. రోడ్డు పనికో మరో నిర్మాణానికో ఎలాగూ పోయే మంచి అడవి దొరికినప్పుడు, దాని పైపొరను వేర్లతో, నాచుతో, మట్టితో సహా చాప కోసినట్టు పలకలుగా కోస్తారు. వాటిని లారీల మీద తెచ్చి, సున్నం చల్లిన గుట్టల మీద చెట్ల నీడలో అక్కడొకటి ఇక్కడొకటి పరుస్తారు. ఒక్కో పలక అంచు నుంచి నాచు, పొదలు ఏడాదికి కొద్ది కొద్దిగా పక్కనున్న ఉత్త నేల మీదికి పాకాలి.